మండలి ఆమోదించిన వాచీ

సింగరాయ జలాశయంలో నీళ్లున్నాయన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఒక్క జలక్రీడల మండలికి తప్ప.

అందులో మండలి తప్పేమీ లేదు. వాళ్ల కార్యాలయం జలాశయం గట్టు మీదే ఉంది. మూడో అంతస్తులో పెద్ద కిటికీ, తెరిస్తే కనుచూపు మేర నీళ్లే. అయితే నీళ్ల మీది ఎండ కంప్యూటర్లలో మెరుస్తోందని ఆ కిటికీకి ఏనాడో ముదురు రంగు తెరలు వేసేశారు. లోపల గోడకు ప్రభుత్వం ఆమోదించిన మ్యాపు వేలాడుతోంది. ఆనకట్ట కట్టకముందు గీసిన మ్యాపు అది. ఇప్పుడు జలాశయం ఉన్న చోట అందులో మల్లెలదిన్నె అనే ఊరుంది. పెద్దబజారు, కుమ్మరి వీధి, బడి, పంచాయతీ ఆఫీసు, మంచినీళ్ల బావి, ఒక్క గీత కూడా చెరగలేదు. ఊరు మునిగి నలభై ఏళ్లు దాటింది. దాన్ని మ్యాపులోంచి తీసేయాలంటే, మునిగిన మాట నిజమేనని సదరు పంచాయతీ ఆఫీసు వాళ్లు ధ్రువీకరించాలి. ఆ ఆఫీసుకు మండలి ఎన్నిసార్లు రాసినా ఉత్తరాలు తిరిగొచ్చేస్తున్నాయి.

ఈ మండలివారి క్లబ్బులోనే హైమావతి రెండేళ్లుగా కయాక్ నడుపుతోంది. కయాక్ అంటే చిక్కుడుకాయలా సన్నగా, పొడుగ్గా ఉండే పడవ. భుజం నొప్పికి ఏదైనా వ్యాయామం చెయ్యమని డాక్టరు చెబితే చేరింది. నొప్పి రెండు నెలల్లో పోయింది గానీ ఆవిడ మానలేదు. పొద్దున్నే పాలు కాచి, అత్తగారికి కాఫీ ఇచ్చి, చెప్పులేసుకుని గట్టుకు నడిచిపోతుంది. జంట పడవలో ముందు సీటు ఆవిడది, వెనక సీటు సల్మాది. సల్మాకు బస్టాండు దగ్గర టైలరింగ్ షాపుంది. ఇద్దరికీ తెడ్డు ఒకే లయలో పడుతుంది. నోరు మాత్రం సల్మా ఒక్కదానికే పడుతుంది.

ఆ ఏడు రాష్ట్రస్థాయి పోటీలు సింగరాయ జలాశయంలోనే అని ప్రకటన వచ్చింది. మహిళల జంట పడవల పోటీకి నలభై ఐదు నిండకూడదు. పోటీలు డిసెంబరులో. జనవరిలో హైమావతికి నలభై ఐదు నిండుతాయి. ఈసారి దిగకపోతే ఇక జన్మలో గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టడమే.

సరిగ్గా అప్పుడే మండలికి వాచీల మీద మోజు పుట్టింది.

మండలి అధ్యక్షులు కోదండపాణిగారు రాజధానిలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. అక్కడ పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి చేతి వాచీ, ఆ పెద్దమనిషి రాత్రి సరిగా నిద్రపోలేదని అందరి ముందూ చెప్పిందట. కోదండపాణిగారికి కళ్లు తెరుచుకున్నాయి. తిరిగి రాగానే ఉత్తర్వు వేశారు: "వాచీలో నమోదు కాని జలయానమును జలయానముగా పరిగణింపజాలము. మండలి ఆమోదించిన జీపీఎస్ వాచీలో యాభై కిలోమీటర్లు నమోదైనవారికే పోటీలలో ప్రవేశము."

రెండేళ్లు వేసిన తెడ్లు ఒక్క సంతకంతో మాయమైపోయాయి.

వాచీల ఎంపిక సంఘంలో పడవ ఎక్కే మనిషి ఒకరుండాలని నిబంధన ఉండటంతో హైమావతిని వినియోగదారుల ప్రతినిధిగా వేశారు. ఐదు కంపెనీల వాచీలు వారం రోజులకు ఆవిడ చేతికిచ్చారు. ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు ఆవిడ. బియ్యం కడిగిన తడివేళ్లతో ఒక్కో వాచీనీ నొక్కి చూసింది. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి అంకెలు కనిపిస్తున్నాయో లేదో చూసింది. పొడుగు చేతుల జాకెట్టు మీదికి బెల్టు అందుతుందో లేదో చూసింది. తెడ్లు లెక్కపెట్టే వాచీ పెట్టుకుని మజ్జిగ చిలికితే, కవ్వాన్ని కూడా తెడ్డుగా లెక్కేసిందది. దాన్ని పక్కన పెట్టింది. చివరికి రెండో నంబరు వాచీని ఎంచింది. దానికి బొత్తాలున్నాయి, ఎండలో కనిపిస్తుంది, నీళ్లలో గంటలకొద్దీ నానినా పలుకుతుంది.

ఎంపిక సంఘం సమావేశంలో ఇదంతా చెప్పింది. కోదండపాణిగారు కళ్లు మూసుకుని విన్నారు.

"అమ్మా, మీ అనుభవం అమూల్యం. మినిట్స్‌లో రాయిస్తాం. త్రివిక్రమరావుగారూ, ఇక సాంకేతిక పరీక్షకు వద్దాం."

త్రివిక్రమరావుగారు మండలి కార్యదర్శి. ఆయన ఐదు వాచీలనూ గోడ మీది మ్యాపు పక్కన వరసగా పెట్టి, ఒక్కొక్కదాని తెరనూ భూతద్దంలో చూసి, నిట్టూర్చారు.

"ఐదూ తప్పే చూపిస్తున్నాయి సార్. మన పరిధి మొత్తం నీలం రంగే. ఊరూ లేదు, వీధీ లేదు."

"అక్కడున్నవి నీళ్లే కదండీ," అంది హైమావతి.

"ఉండొచ్చమ్మా. కాదనటం లేదు," అన్నారు త్రివిక్రమరావుగారు జాలిగా. "కానీ ఆ సంగతి మాకు లిఖితపూర్వకంగా రాలేదు."

హైమావతి లేచి వెళ్లి కిటికీ తెర పక్కకు లాగింది. గది నిండా వెలుగు. అవతల జలాశయం తళతళలాడుతోంది. సంఘ సభ్యులందరూ ఒక్కసారిగా కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"తెర వెయ్యండమ్మా, స్క్రీను కనిపించటం లేదు!" అన్నారు కోదండపాణిగారు.

ఆ సాయంత్రానికి ఆరో ఏజెంటు వచ్చాడు. అతని వాచీకి బొత్తాల్లేవు. ఎండలో నల్లగా అయిపోతుంది. తడివేలు తగిలితే పలకదు. అయితే మూడు గొప్ప సుగుణాలున్నాయి. నీళ్ల మీంచి గట్టుకు సంకేతాలు పంపి, ఎవరెక్కడున్నారో పెద్ద తెర మీద చూపిస్తుంది. తెలుగులో గట్టిగా మాట్లాడుతుంది. అన్నిటికీ మించి, "మ్యాపు మీరేదిస్తే అదే ఎక్కిస్తాం సార్," అన్నాడు ఏజెంటు. కోదండపాణిగారు లేచి అతనికి కరచాలనం చేశారు.

మర్నాడు పొద్దున వాచీలు కట్టుకుని హైమావతి, సల్మా పడవ దింపారు. నాలుగు తెడ్లు వేశారో లేదో, రెండు చేతుల మీదా రెండు వాచీలు ఒకేసారి గొంతెత్తాయి.

"మీరు ఒకరి పెరట్లోకి ప్రవేశించారు. దయచేసి రోడ్డు మీదికి రండి."

సల్మా చుట్టూ చూసింది. అరమైలు దూరంలో ఒక కొంగ తప్ప ప్రాణి లేదు.

"ఎవరి పెరడక్కా?"

"ఏమో. వెయ్యి, వెయ్యి."

"మీరు ప్రభుత్వ పాఠశాల గోడను ఢీకొన్నారు."

"అల్లా! బళ్లోకి రమ్మంటే చిన్నప్పుడు ఏడ్చి పారిపోయేదాన్ని. ఇప్పుడు గోడ పగలగొట్టుకుని మరీ వచ్చా," అంది సల్మా.

వాచీని ఆపుదామంటే తడిచేతికి అది లొంగదు. ఊరంతా తిట్లు తింటూ వాళ్లు గట్టుకు చేరారు. నమోదు చూస్తే నడక ఐదు కిలోమీటర్లు, అక్రమ ప్రవేశాలు లెక్కలేనన్ని. జలయానం సున్న.

హైమావతి మూడో అంతస్తుకెక్కింది.

"నడిచారని ఎట్లా రాస్తారండీ? పడవలో కూర్చుని తెడ్డు వేశాం."

"నేల మీద జరిగే ప్రయాణాన్ని నడక శీర్షిక కిందే చూపాలమ్మా. జలయానం అనేది జలంలో జరగాలి కదా." త్రివిక్రమరావుగారు మ్యాపు దగ్గరికెళ్లి, చాలాసేపు వెతికి, ఒక చిన్న సున్న మీద వేలు పెట్టారు. "ఇదిగో. మల్లెలదిన్నె పరిధిలో జలం ఉన్నది ఇక్కడ. మంచినీళ్ల బావి. అందులో నిరభ్యంతరంగా నడుపుకోండి."

అప్పట్నుంచి సింగరాయ జలాశయంలో ఒక వింత మొదలైంది. మైళ్ల పొడవునా నీళ్లు ఖాళీగా పడుంటే, క్లబ్బులో ఉన్న పడవలన్నీ ఒక్కచోట చేరి గానుగెద్దుల్లా గుండ్రంగా తిరిగేవి. పడవకు పడవ రాసుకునేది, తెడ్డుకు తెడ్డు తగిలేది. తెల్లారకముందే వచ్చి చోటు పట్టుకునేవాళ్లు కొందరు. "నిన్న మీరే కదమ్మా తిరిగింది, ఇయ్యాల మా వంతు!" అని మరికొందరు. సల్మా ఒకావిడతో గొడవపడి, ఇద్దరూ తెడ్లెత్తేదాకా వెళ్లింది. కళ్లు తిరిగి నలుగురు మానేశారు. మండలి స్పందించి, బావి దగ్గర క్యూ పాటించాలని గట్టు మీద బోర్డు పెట్టింది.

ఇంటికొచ్చి హైమావతి ఈ ముచ్చట చెబుతుంటే, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఆవిడ అత్తగారు మాణిక్యాంబగారు పకపకా నవ్వారు. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ మల్లెలదిన్నెలోనే.

"ఆ బావి కాడ కొట్లాటలు మాకు కొత్తటమ్మాయ్? నేను ఎంత మంది జుట్లు పట్టుకున్నానో! మా ఇల్లేమో ఊరికి ఈ చివర, బావి ఆ చివర. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. పెళ్లయ్యేదాకా మోశా. వంటింట్లోకి నీళ్లు రావాలని మా అమ్మ మొక్కని దేవుడు లేడనుకో."

"వచ్చాయా అత్తయ్యా?"

"ఏవీ? పైపులేస్తాం పైపులేస్తాం అంటానే ఊరు ముంచారు."

నెల గడిచింది. బావి చుట్టూ ఎంత తిరిగినా హైమావతి వాచీలో యాభైకి ఆరైనా కాలేదు. పోటీలు దగ్గరికొస్తున్నాయి. ఆవిడకు నిద్ర పట్టటం లేదు. ఆ సంగతి వాచీ కూడా పొద్దున్నే గట్టిగా చెప్పేది. నీళ్లున్నాయని వాదించి లాభం లేదు. మండలికి అర్థమయ్యే భాష ఏదో అందులోనే మాట్లాడాలనుకుని మళ్లీ మూడో అంతస్తుకెక్కింది.

"వీధుల్లో పడవ నడపటానికి అసలు వీల్లేదా అండీ?"

"వరద వస్తే తప్ప వీల్లేదమ్మా."

"అయితే మల్లెలదిన్నెకు వరద వచ్చింది. నా అర్జీ తీసుకోండి."

త్రివిక్రమరావుగారు తలెత్తి ఆవిడను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. "ఎప్పుడొచ్చింది?"

"వచ్చింది. ఇంకా తగ్గలేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మల్లెలదిన్నెను వరద పీడిత గ్రామంగా ప్రకటించారు. వరద తగ్గేవరకు ఊరి వీధుల్లో పడవ ప్రయాణాన్ని జలయానంగా పరిగణిస్తారు. ఇళ్లలోకి, పెరళ్లలోకి మాత్రం యజమాని అనుమతి లేనిదే పడవ పోకూడదు. వరద అన్నాక సహాయం అందించాలి కాబట్టి, రోజూ పొద్దున గట్టుకు పులిహోర పొట్లాలు వచ్చేవి. ఆ సహాయం అందుకోవడానికి ఆ ఊరి మనిషంటూ ఒకరు కావాలి కాబట్టి, మాణిక్యాంబగారిని బాధితుల ప్రతినిధిగా గుర్తించారు. ఆవిడ మొదటి పొట్లం విప్పి, రెండు మెతుకులు నోట్లో వేసుకుని, ఇంగువ తక్కువైందని కార్యదర్శిగారికి కబురు పంపారు.

ఇక వీధులు నేర్చుకోవాలి. వాచీ చెప్పే దారులు ఎడ్లబండి పోయే దారులు. ఒక రాత్రి భోజనాలయ్యాక మాణిక్యాంబగారు వంటింటి గచ్చు మీద ముగ్గుపిండితో ఊరంతా గీసేశారు.

"ఇది పెద్దబజారు. దీని వెంట పోతే పంచాయతీ ఆఫీసుకు ఊరంతా చుట్టి రావాల. కుమ్మరి వీధిలో మూడో ఇంటి కాడ ఎడమ పక్క సందుంది. మనిషి పట్టే సందు. దాంట్లో పడ్డారంటే సగం దూరం తగ్గుద్ది. మా ఇల్లు ఆ సందులోనే. చూడమ్మాయ్, రంగనాయకులుగారి అరుగు తగలకుండా పోండి. ఆయన తిడతాడు."

"ఆయన పోయారు కదమ్మా," అన్నాడు కొడుకు శేషగిరి.

"పోయినా తిడతాడు."

డిసెంబరు వచ్చేసరికి హైమావతి వాచీలో యాభై నిండాయి. కళ్లు మూసుకుని మల్లెలదిన్నెలో ఏ మలుపైనా తిరగగలిగేవాళ్లు ఇద్దరూ. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు మాత్రం ఏమీ లేని నీళ్లలో ఒక పడవ ఉన్నట్టుండి ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ ఆగి, ఏదో అరుగును తప్పించుకుని పోవడం కనిపించేది.

పోటీ రోజు షామియానాలు వేశారు. రాష్ట్రం నలుమూలల నుంచి జట్లు మంచి మంచి వాచీలతో దిగాయి. బయటి జట్లకు యాభై కిలోమీటర్ల నిబంధన సడలించారు గానీ, వాళ్ల వాచీలను గేటు దగ్గరే తీయించి, ఆమోదించిన వాచీలు కట్టారు. వేదిక మీద మాణిక్యాంబగారు శాలువాతో, చేతిలో పులిహోర పొట్లంతో కూర్చున్నారు. పక్కనే మైకు ముందు కోదండపాణిగారు.

"క్రీడాకారిణులారా! పోటీ బడి దగ్గర ప్రారంభమై పంచాయతీ ఆఫీసు వద్ద ముగుస్తుంది. వీధులలోనే ప్రయాణించవలెను. అక్రమ ప్రవేశం చేసినవారిని తొలగిస్తాం. వరద ఉద్ధృతంగా ఉంది, జాగ్రత్త!"

ఈల వేశారు. ఎనిమిది పడవలు కదిలాయి. మొదటి నిమిషంలోనే రెండు పడవలు బడి గోడకు తగిలి పోటీ నుంచి తప్పుకున్నాయి. నీళ్ల మీద నలుదిక్కులా వాచీల కేకలు: "ఎడమకు తిరగండి", "మీరు పశువుల కొట్టంలో ఉన్నారు", "దయచేసి వెనక్కి రండి". అన్ని జట్లూ బిత్తరపోయి చూస్తుంటే, హైమావతి పడవ కుమ్మరి వీధిలోకి బాణంలా దూసుకుపోయి, మూడో ఇంటి దగ్గర ఎడమకు తిరిగి, సందులో పడింది. రంగనాయకులుగారి అరుగును కూడా తప్పించింది. షామియానాలో పెద్ద తెర మీద ఎర్ర చుక్కలన్నిటికన్నా ఆ చుక్కే ముందుంది.

అప్పుడు ఎదురుగా ఇంకో పడవ వచ్చింది. కాకినాడ జంట దారి తప్పి, సందుకు అవతలి కొసనుంచి లోపలికి దూరింది. రెండు పడవలూ ముక్కుకు ముక్కు ఆనించి ఆగిపోయాయి.

"ఎదురుగా వాహనం ఉంది. దారి ఇవ్వండి," అన్నాయి నాలుగు వాచీలు.

"వెనక్కి పోండమ్మా!" అంది సల్మా.

"మేమెందుకు పోతామండీ? మేం సందులోకి ముందొచ్చాం కదండీ!"

"తప్పు దారిన వచ్చి ముందొచ్చాం అంటారేంది? ఇది మా ఊరి సందు!"

"సందు మీ ఊరిదైతే వెడల్పు చేయించుకోవాలండీ!"

వాళ్లకు కుడివైపు మైలున్నర నీళ్లు, ఎడమవైపు రెండు మైళ్ల నీళ్లు. నలుగురు ఆడవాళ్లు మూడడుగుల సందులో ఇరుక్కుపోయి దెబ్బలాడుకుంటున్నారు. వెనక్కి పోదామంటే రంగనాయకులుగారి అరుగు. పెద్ద తెర మీద గుంటూరు జంట చుక్క పెద్దబజారు మలుపు తిరిగి నెమ్మదిగా పంచాయతీ ఆఫీసు వైపు వస్తోంది. హైమావతికి గుండె కొట్టుకుంటోంది. ఆ సంగతి వాచీ అందరికీ చెబుతోంది. జనవరి అన్న మాట ఒక్కటే ఆవిడ తలలో తిరుగుతోంది.

ఉన్నట్టుండి నీళ్ల మీదుగా మైకులో ఒక గొంతు ఖంగున వినిపించింది.

"అమ్మాయ్! హైమా! మీ కుడి పక్క మా ఇల్లే! లోపలికి రా!"

మాణిక్యాంబగారు కోదండపాణిగారి చేతిలోంచి మైకు లాగేసుకున్నారు. త్రివిక్రమరావుగారు పరుగెత్తుకొచ్చారు.

"అమ్మా, యజమాని అనుమతి కావాలి."

"నేనే యజమానిని. మా నాన్నకు ఒక్కదాన్నే బిడ్డని."

"అక్కడ ఇల్లున్నట్టు..."

"మీ మ్యాపే చెబుతుంది కదయ్యా. కాదను చూద్దాం."

త్రివిక్రమరావుగారు పెద్ద తెర మీది మ్యాపు వంక చూశారు. అధ్యక్షులవారి వంక చూశారు. ఇల్లు లేదంటే వీధి లేదు. వీధి లేదంటే ఊరు లేదు. ఊరే లేకపోతే వరద సహాయం, పులిహోర, శాలువా, షామియానా అన్నిటికీ సమాధానం చెప్పాలి. కోదండపాణిగారు మెల్లగా తలూపారు.

"అనుమతి చెల్లుతుంది," అన్నారు త్రివిక్రమరావుగారు నీరసంగా.

"వసారా దాటితే నట్టిల్లు, దాని వెనక వంటిల్లు!" మాణిక్యాంబగారు మైకులో దారి చెబుతున్నారు. "వంటింటి తలుపు తీసే ఉంటుంది, పెరట్లోకి పోండి! పెరటి గోడకు దొడ్డివాకిలి! అది దాటితే పంచాయతీ ఆఫీసే!"

హైమావతి తెడ్డు మార్చి పడవను కుడికి తిప్పింది. "పదవే సల్మా!"

"అక్కా, ద్వారబంధం చూసుకో!" అంది సల్మా. నిజంగానే ఇద్దరూ తలలు వంచారు.

ఖాళీ నీళ్ల మీద పడవ సూటిగా దూసుకుపోయింది. వసారా, నట్టిల్లు, వంటిల్లు, పెరడు. గట్టు మీద జనం లేచి నిలబడి ఈలలు వేశారు. గుంటూరు జంట ఇంకా పెద్దబజారు చివర ఉండగానే, హైమావతి చేతి వాచీ ఎన్నడూ లేనంత మర్యాదగా పలికింది: "మీరు పంచాయతీ ఆఫీసుకు చేరుకున్నారు. పనివేళలు పది నుంచి ఐదు."

సల్మా వెనకనుంచి హైమావతి వీపు మీద తడిచేత్తో చరిచి, ఆ ఊపులో పడవను బోల్తా కొట్టించింది. నీళ్లలోంచి తల పైకెత్తి హైమావతి నవ్వుతూనే ఉంది.

పతకాలు ఇచ్చారు. పతకంతో పాటు ఒక ప్రశంసాపత్రం. నిబంధనల ప్రకారం అది వరద సహాయం పద్దు కింద అచ్చయింది కాబట్టి, "వరదలో చిక్కుకుని అసమాన ధైర్యసాహసాలతో అందరికన్నా ముందుగా బయటపడిన శ్రీమతి హైమావతి గారికి" అని ఉంది. ముగింపు ఉపన్యాసంలో కోదండపాణిగారు, వచ్చే పోటీలనాటికి ఆ సందును వెడల్పు చేయడానికి ప్రతిపాదనలు పంపుతున్నట్టు ప్రకటించారు. కాకినాడ జంట గట్టిగా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చాక హైమావతి పతకం తీసి అత్తగారి మెడలో వేసింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బరువు బాగానే ఉందన్నారు. తర్వాత అడిగారు.

"వంటింట్లోంచే పోయావా అమ్మాయ్?"

"వంటింట్లోంచే పోయాను అత్తయ్యా."

"ఎట్టా ఉంది?"

హైమావతి ఒక్క క్షణం ఆలోచించింది.

"నీళ్లొచ్చాయి అత్తయ్యా. వంటింటి నిండా నీళ్లే."

మాణిక్యాంబగారు ముసిముసిగా నవ్వి, పతకం కొంగుతో తుడిచారు.

"ఇప్పటికి వేశారన్నమాట పైపు."